తుక్కాదేవి: చరిత్రయు ఐతిహ్యమును

భిలాయి ఉక్కునగరమునందలి రుఆబాంధావంటి పేటలలో తెలుగు సంసారమును ఒడియా సంసారమును ఒకే గోడకు ఇరుప్రక్కల కాపురముండుట వింత కాదు. 1955లో సోవియట్ సహకారముతో తలపెట్టిన ఉక్కు కర్మాగారము తెలుగుసీమనుండియు ఒడిశానుండియు పనివాండ్రను రప్పించి ఇరుగుపొరుగు చేసినది. ఒక వాకిట సంక్రాంతి ముగ్గు. పొరుగు వాకిట మార్గశిర గురువారములనాటి ఝోటి. ఊరిలో బాలాజీకి గుడి కలదు, జగన్నాథునికిని కలదు. ఇట్టి చోట ఒక ప్రశ్న గ్రంథములలోకంటె పదునుగా తోచును. శ్రీకృష్ణదేవరాయలు గజపతిని గెలిచి ఆయన కూతును పెండ్లాడెనని తెలుగువాడు గర్వముతో చెప్పుకొను కథను ప్రక్కయింటి ఒడియావాడు ఏ చెవితో వినును? ఆ కథలోని పిల్ల వారి యింటి ఆడుపడుచు గదా!

తెలుగునాట ఆమెను గూర్చి చెప్పుకొను కథ క్లుప్తముగా ఇది. కళింగయుద్ధము ముగిసి సంధి కుదిరినపుడు ప్రతాపరుద్ర గజపతి తన కొమార్తెను రాయలకిచ్చెను. రాయలు దాసీపుత్రుడను నింద ఆమె మనస్సున నాటుకొనియుండెను. తొలిరేయి ఆమె కత్తి దాచియుంచెను, అది బయటపడెను. రాయలు ఆమెను చంపలేదు, ఏలుకొననూ లేదు. ఆమె నల్లమల అంచున కంభములో ఏకాంతవాసము చేయుచు, తన గతిని తలచుకొని ఐదు సంస్కృత శ్లోకములు చెప్పెను. అవియే తుక్కాపంచకము. అక్కడి పెద్ద చెరువును కూడ ఆమెయే కట్టించెనని స్థానికుల నమ్మకము.

ఒకే స్త్రీ ఈ కథలో హంతకురాలు కాబోయినది, కవయిత్రి అయినది, వేలమందికి నీరిచ్చిన దాత్రి అయినది. ఇందులో చరిత్ర యెంత, ఐతిహ్యమెంత, సాహిత్యమెంత అని విడదీయనిదే ఆమెకు న్యాయము జరుగదు. ఆమెతో ముడివడియున్న రెండు కృతులకు, పారిజాతాపహరణమునకును తుక్కాపంచకమునకును, అసలే జరుగదు.

మొదట పేరు సంగతి. తుక్క, జగన్మోహిని, అన్నపూర్ణ, భద్ర అని గ్రంథములయందును జనశ్రుతియందును ఆమెకు పలు పేర్లు వినవచ్చుచున్నవి. కంభము ప్రాంతమున వరదరాజమ్మ అనుచుందురు. ఒక రాణికిన్ని పేర్లుండుట గౌరవచిహ్నమని తోచవచ్చును. నిజమునకది ఆమె పేరు ఎవ్వరికిని స్థిరముగా తెలియదనుటకు గుర్తు. ఈ చిక్కు చాలక, రాయల పట్టపుదేవియైన తిరుమలదేవియే గజపతి పుత్రిక అని చాలకాలము అనేకులు వ్రాసిరి. పాఠ్యపుస్తకములును నాటకములును ఆ మాటనే వల్లించినవి.

ఈ ఒక్క పొరపాటును దిద్దుటకు తిరుమల కొండమీది శాసనములు చాలును. రాయలు 1513వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన తొలిసారి శ్రీవేంకటేశ్వరుని దర్శించెను. ఆనాడే తిరుమలదేవియు చిన్నాదేవియు స్వామికి బంగారు పాత్రలు సమర్పించిరి. ఉదయగిరి ముట్టడి మొదలయినది ఆ యేడే. దుర్గము 1514లో లొంగినది. అదే యేట రాయలు మరల కొండకు వచ్చి ముప్పదివేల బంగారు నాణెములతో స్వామికి కనకాభిషేకము చేసెను. కొండవీడు 1515లో పడినది. 1516లో రాయలు సింహాచలము చేరినపుడును ఈ దేవేరులిద్దరును కానుకలిచ్చినట్లు అక్కడి శాసనము చెప్పుచున్నది. గజపతితో సంధియు వియ్యమును కుదిరినది 1518-19 ప్రాంతమున. సంధికి అయిదారేండ్లకు పూర్వమే రాయల ప్రక్కన నిలిచి దానములు చేసిన రాణి, ఆ సంధివలన వచ్చిన పెండ్లికూతురు ఎట్లగును? తిరుమల ఆలయములో చేతులు జోడించి నిలిచియున్న రాయల లోహవిగ్రహమునకు ఇరుప్రక్కల ఉన్నది తిరుమలదేవి, చిన్నాదేవి. భుజములపై పేర్లును చెక్కబడియున్నవి. గజపతి కూతురు అక్కడ లేదు.

విదేశీయుల సాక్ష్యమును దీనికి తోడ్పడును. 1520 తరువాత విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయల రాణులలో ముగ్గురు ముఖ్యులని చెప్పెను. ఒకతె ఒడ్డె రాజు కూతురు, ఒకతె శ్రీరంగపట్టణపు రాజు కూతురు, మూడవయామె రాయలు యువకుడుగా నుండగానే మనసిచ్చిన వేశ్యాకాంత. ఈ మూడవయామెయే చిన్నాదేవి అనియు, శ్రీరంగపట్టణపు రాచబిడ్డయే తిరుమలదేవి అనియు అనుకొన్నచో శాసనములకును ఈ మాటలకును వైరుధ్యము ఉండదు. అంతేకాదు. ఒడ్డె రాజు కూతురు పెండ్లినాడే పరిత్యక్త అయినదని చెప్పు ఐతిహ్యమునకు ఈ సాక్ష్యము అనుకూలముగా లేదు. ముగ్గురు ముఖ్యులలో ఆమె ఒకతెగా పరదేశి చెవిని సహితము పడినది. తొలిరేయినే వెలివేయబడిన స్త్రీకి అట్టి గణన దొరకుట కష్టము.

ఇక తిరుమలదేవిని గజపతి పుత్రిక అనుకొనుటవలన సాహిత్యమునకు కలిగిన నష్టము చూడవలెను. నంది తిమ్మనను అరణపు కవి అందురు. రాణి పుట్టింటినుండి అరణముగా వచ్చినవాడని అర్థము. రాణి యొకనాడు రాయల చిత్రపటమువైపు కాళ్లు చాచి పరుండెననియు, అది చూచి రాయలు అలిగెననియు, ఆ కలతను తీర్చుటకు తిమ్మన సత్యభామ శ్రీకృష్ణుని తలను తన్నిన ఘట్టముతో పారిజాతాపహరణము రచించెననియు కథ. రాణి నిద్రలో తన్నెనని మరియొక పాఠాంతరము. అహంకారియైన గజపతి కూతురు అను భావము ఈ కథకు మూలబలము. శత్రువు బిడ్డ కాబట్టి కాళ్లు చాచినది. తెలుగు కవి వచ్చి ఆమెను కాచినాడు!

కథ వినసొంపుగానే యున్నది. కాని దీనిని నమ్మి కావ్యమును చదువువాడు సత్యభామను చూడడు, ఆమె వెనుక దాగిన ఒక రాణిని వెదకును. పారిజాతాపహరణములో సత్య కోపము ఎవరి అహంకారముననో పుట్టినది కాదు. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి చేరినది; ఆ వార్త చెలికత్తె నోట సత్యకు చేరినది. తన స్థానము తనదేనా అను సంశయము ఆమెను దహించినది. కోపగృహము, మాసిన చీర, పాదతాడనము, ఆ పాదమే నొచ్చినదేమో అని నాయకుడు నొచ్చుకొనుట, ఇవన్నియు ఆ సంశయమునుండి క్రమముగా పుట్టినవి. హరివంశములోని చిన్న కథను ఐదాశ్వాసముల ప్రబంధముగా పెంచిన కవి నేర్పు ఈ క్రమములోనే యున్నది. దంపతుల తగవు తీర్చు ఉపాయముగా కావ్యమును చూచినంతకాలము తిమ్మన రాజాంతఃపురపు దూతగా మిగులును, కవిగా కనపడడు. అరణపు కవి అను బిరుదు నిజమే కావచ్చును. ఆ అరణము శ్రీరంగపట్టణమునుండి వచ్చియుండుటకును అవకాశము కలదు. ఏదియైనను గజపతి పుత్రిక పాదములకు ఆ కావ్యముతో పని లేదు.

కత్తి కథ మరింత జాగరూకతతో పరీక్షింపవలసినది. రాయల జయయాత్రలను వర్ణించు రాయవాచకము సమకాలిక దూతవార్తలవలె నడచును. కాని అది సుమారు 1600 ప్రాంతపు మధుర నాయకుల కాలపు రచన అని ఫిలిప్ వాగనర్ 1993లో ప్రకటించిన తన ఆంగ్లానువాదమున నిరూపించెను. అందులోని యుద్ధఘట్టములలో తిమ్మరుసు బుద్ధిబలమే నాయకుడు. గజపతికిని ఆయన పదునారుగురు పాత్రులకును నడుమ అనుమానము పుట్టించి రాజును పారద్రోలుట ఆ బుద్ధిబలమునకు పరాకాష్ఠ. అట్టి సంప్రదాయమునకు ఓడినవాని మనస్సులో మిగిలిన పగ ఒకటి కావలెను. ఆ పగకు రూపము ఇచ్చుటకు పెండ్లికూతురి చేతిలోని కత్తికంటె తగినది ఏమి కలదు?

ఓడినవారి పగను గూర్చిన కథలు ఎట్లు పుట్టునో ఆమె సోదరుడు వీరభద్రుని ఉదంతము తెలుపును. కొండవీట పట్టువడిన వీరభద్ర గజపతిని రాయలు సభలో కత్తిసాము చేయుమనెననియు, ఎదుట నిలిచినవాడు తక్కువ కులమువాడగుటచే రాకుమారుడు అవమానముతో ప్రాణము తీసికొనెననియు నూనిజ్ వ్రాసెను. 1516 నాటి కన్నడదేశపు శాసనమొకటి అదే వీరభద్రుని మలెబెన్నూరు సీమకు పాలకునిగా చూపుచున్నది. పట్టువడిన రాకుమారునకు రాయలు సీమనిచ్చి గౌరవించెనని శాసనము. అవమానించి చంపుకొనునట్లు చేసెనని కథ. అన్న విషయమున ఇంత వ్యత్యాసము కన్నులార కనబడుచుండగా చెల్లెలి విషయమున కథను మాత్రము చరిత్రగా గ్రహించుట ఏమి న్యాయము?

ఇట్టి దురవస్థ ఈ రాణి యొక్కతెదియే కాదు. రాయలు సింహాసనమెక్కిన 1509లోనే ఇంగ్లండున ఎనిమిదవ హెన్రీ రాజయ్యెను. అతని రెండవ రాణి ఆనీ బొలీన్ 1533లో కిరీటము ధరించి 1536 మే 19న శిరచ్ఛేదము పొందెను. ఆమె మరణించిన యాబది యేండ్లకు, 1585లో అచ్చయిన నికొలాస్ శాండర్ గ్రంథము ఆమె కుడిచేతికి ఆరవ వ్రేలు కలదని ప్రచారము చేసెను. మతసంస్కరణ పక్షమువారికో, ఆమె ధర్మవీర. ఒకే స్త్రీని పగవారు మంత్రగత్తెను చేసిరి, మిత్రులు సాధ్విని చేసిరి. కాని ఆనీకి విచారణ జరిగినట్లు పత్రములున్నవి, రాయబారుల లేఖలున్నవి. అన్నిటికంటె మిన్నగా, 1558 మొదలు 1603 వరకు దేశమేలిన కూతురు ఎలిజబెత్ కలదు. బిడ్డ సింహాసనము తల్లి పేరును కొంత కడిగినది. గజపతి కూతురికి విచారణ లేదు, లేఖ లేదు, సింహాసనమెక్కిన సంతానము లేదు. ఆమె పక్షమున మాటాడునది ఐదు శ్లోకములు మాత్రమే.

ఆ శ్లోకములు తుమ్మెదను ఉద్దేశించిన అన్యోక్తులు. పూలనెల్ల తిరుగు తుమ్మెద ఒక పూవును ఉపేక్షించుటను అవి పలుకును. చెప్పునది తుమ్మెదకు, తగులవలసినది మనిషికి. కథను ప్రక్కకు పెట్టి చదివినను అవి ఏ ఉపేక్షిత హృదయమునకైనను అమరును. వానిలో నింద కలదు, యాచన లేదు. తన విలువ తుమ్మెద రాకపోకలవలన తేలదను అభిమానము కలదు.

ఇవి ఆ రాణియే చెప్పినవా? కాదనుటకు మొదటి కారణముగా సామాన్యముగా చూపునది ఆమె స్త్రీ యగుట. ఈ కారణము నిలువదు. విజయనగర రాజకుటుంబమున గంగాదేవి పదునాలుగవ శతాబ్దిలోనే మధురావిజయము వ్రాసెను. రాయల తమ్ముడు అచ్యుతరాయల కాలమున తిరుమలాంబ వరదాంబికాపరిణయ చంపువు రచించెను. గజపతి ఆస్థానమును తక్కువది కాదు. సౌందర్యలహరికి వ్యాఖ్య వ్రాసిన లొల్ల లక్ష్మీధరుడు అక్కడ ఆదరము పొంది పిదప రాయల సభకు వచ్చినవాడు. ప్రతాపరుద్రుని పేర సరస్వతీవిలాసమను ధర్మశాస్త్ర గ్రంథము వెలసినది. అట్టి యింట పెరిగిన బిడ్డకు ఐదు శ్లోకములు అల్లు చదువుండుట ఆశ్చర్యము కాదు.

ఆలోచింపదగిన కారణము వేరొకటి కలదు. అభిజ్ఞానశాకుంతలము పంచమాంకమున హంసపదిక అను రాణి తెరచాటునుండి పాడును. మామిడిపూతను ముద్దాడి, కమలమున కుదురుకొని, మొదటిదానిని మరచిన తుమ్మెదను ఆమె అడుగును. దుష్యంతుడు ఆ నింద తనకేనని గ్రహించి విదూషకుని పంపును. రాజు ఉపేక్షించిన రాణి తుమ్మెద నెపముతో రాజును నిందించుట కాళిదాసునాటికే కవిసమయమైనది. భాగవత దశమస్కంధమున గోపికలు ఉద్ధవుని ఎదుట తుమ్మెదతో పలుకుటయు ఈ మార్గమే. పోతన దానిని తెలుగువారి యింటింటికి చేర్చెను. కావున ఈ పంచకము విషయమున రెండు మార్గములు సాధ్యము. చదువరియైన రాణి తనకు ముందే సిద్ధముగానున్న హంసపదిక గొంతును ఎరువు తెచ్చుకొనియుండవచ్చును. లేదా, తుమ్మెద శ్లోకములను ఎరిగిన ఒక పండితుడు కంభములోని ఒంటరి రాణి కథ విని, ఇవి ఆమె నోట పలుకదగినవని భావించియుండవచ్చును. రెండింటిలో ఒకదానిని రూఢిచేయు ఆధారము శ్లోకములలో దొరకదు.

అయినను విమర్శకుడు ఇక్కడితో చేతులు దులుపుకొనరాదు. రెండవ మార్గమే నిజమైనను అందులో గొప్ప విశేషము కలదు. కత్తి కథ ఆమెను గూర్చి ఇతరులు చెప్పినది; పంచకము ఆమె నోటినుండి వినబడునట్లు చెప్పినది. గెలిచినవారి జాతియే, ఓడినవారి బిడ్డకు మొదట నేరము అంటగట్టి, పిదప ఆ నేరము చాలదని తోచి, ఆమెకొక గొంతు ఇచ్చినది. ఆ గొంతు రాజును నిందించును. రాయలను సాక్షాత్తు ఆంధ్రభోజుడని కొనియాడిన సంప్రదాయమే ఆయనను మధుపమని దెప్పిన ఐదు శ్లోకములను చెరపక కాపాడినది. తుక్కాపంచకము విలువ అందున్నది. కర్తృత్వము తేలకపోయినను ఆ విలువ తరుగదు.

కంభము చెరువు సంగతియు ఇట్లే. గుండ్లకమ్మ కొండల నడుమనుండి బయటపడు ఇరుకున అడ్డముగా కట్టవేసి నీటిని నిలిపిన ఆ తటాకము దేశములోని ప్రాచీన జలాశయములలో పెద్దవానిలో ఒకటి. అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని 2020లో వారసత్వ కట్టడముగా గుర్తించినది. దానిని కట్టించినది రాయల గజపతి రాణియని జనము చెప్పుచున్నారు. తుక్కను విలపించు స్త్రీగా మాత్రమే చూపు రచయితలు ఈ జనవాక్యమును మరచుచున్నారు. పండితులు ఆమెకు శ్లోకములిచ్చిరి. కంభము రైతులు చెరువునిచ్చిరి. భర్త వదలివేసిన ఆడుది ఏమి చేసినది అను ప్రశ్నకు పండితుని సమాధానము ఏడ్చినది అని, రైతు సమాధానము కట్ట కట్టించినది అని. రెంటిలో రైతు ఊహయే ఆమెకు ఎక్కువ గౌరవము చేసినది.

ఇప్పుడు రుఆబాంధాలోని ఆ పొరుగు గోడ కడకు మరల రావలెను. ఒడియావారికి ఇట్టిదే కథ యొకటి కలదు; అది దిశ మార్చుకొని నడచును. ప్రతాపరుద్రుని తండ్రి పురుషోత్తమదేవుడు 1467 మొదలు 1497 వరకు ఏలినవాడు. ఆయన కాంచీరాజు కూతురు పద్మావతిని కోరెను. రథయాత్రలో జగన్నాథుని రథము ముందు చీపురు పట్టి ఊడ్చువానికి పిల్లనియ్యమని కాంచీరాజు కాదనెను. పురుషోత్తముడు దండెత్తి, గెలిచి, పద్మావతిని చెరతెచ్చి, ఈమెను ఊడ్చువానికే ఇచ్చి పెండ్లి చేయుమని మంత్రికి ఆజ్ఞ ఇచ్చెను. మంత్రి మరుసటి రథయాత్రవరకు ఓపికపట్టెను. రాజు చీపురు చేతబట్టి రథము ముందు ఊడ్చుచుండగా పద్మావతిని తెచ్చి, ఊడ్చువాడు ఇతడే గదా అని అప్పగించెను. పురుషోత్తమదాసు ఈ కథను కావ్యము చేసెను. పందొమ్మిదవ శతాబ్దిలో రామశంకర రాయ్ నాటకముగా వ్రాసి ఒడియా రంగస్థలమునకు నాంది పలికెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టినచో ఒకటి రెండవదానికి అద్దము పట్టినట్లుండును. అక్కడ దక్షిణపు బిడ్డ ఉత్తరమునకు పోయినది. ఇక్కడ ఉత్తరపు బిడ్డ దక్షిణమునకు వచ్చినది. అక్కడ వరుడు ఊడ్చువాడను నింద. ఇక్కడ దాసీపుత్రుడను నింద. రెండింటను పెండ్లి యుద్ధమునకు కొనసాగింపు. కాని ఒడియా కథలో మంత్రి బుద్ధి పిల్లను ఒక యింటిదానిని చేయుటకు వినియోగపడినది. రాజు తన మాటకు తానే కట్టుబడవలసి వచ్చినది. తెలుగు కథలో మంత్రి బుద్ధి శత్రువును చీల్చుటకు వినియోగపడినది. పిల్ల కంభములో మిగిలిపోయినది. అందులకే ఒడియావారి కథ ఉత్సవముతో ముగియును, తెలుగువారిది తుమ్మెదతో ముగియును. ఒడియా సంప్రదాయము పద్మావతిని ప్రతాపరుద్రుని తల్లిగా చెప్పుచున్నది. ఆ లెక్కన తుక్క ఆ దక్షిణపు రాచబిడ్డకు మనుమరాలు; నాయనమ్మ దేశమునకు కోడలై తిరిగివచ్చిన పిల్ల. ఆమెను పరాయిదానిగా చూచిన కథకులకు ఈ వరుస తోచలేదు.

ఇకమీద ఈ రాణిని నవలకో నాటకమునకో తీసికొను తెలుగు రచయిత మూడు విషయములు గుర్తుంచుకొన్నచో మేలు. తిరుమలదేవిని ఆమెతో కలపరాదు. ఆ కలయిక ఇద్దరు స్త్రీలను చెరిపి లేని మూడవ స్త్రీని సృష్టించును. కత్తిని చరిత్రగా చూపరాదు. కథగా చూపినపుడు అది ఎవరు ఎందులకు చెప్పిన కథయో కూడ చూపవలెను. ఆమె చేత శ్లోకములు చెప్పించువారు చెరువు కట్టను మరువరాదు.

రాయల సభలోని కవులు ఎనమండ్రని ప్రసిద్ధి. ఆ లెక్కలో చేరని గొంతు ఒకటి కంభమునుండి వినవచ్చినదని తెలుగు పాఠకుడు శతాబ్దులుగా నమ్ముచున్నాడు. ఆ నమ్మకమునకు శాసనాధారము లేకపోవచ్చును. ఓడినవారి యింటి ఆడుపడుచు మాట కూడ వినవలెనను ధర్మము దానిలో కలదు. రుఆబాంధాలో ప్రక్కయింటివారి యెదుట కృష్ణరాయల కథ చెప్పదలచిన తెలుగువాడు విజయస్తంభముతో మొదలిడినను, తుమ్మెద శ్లోకములతోను చెరువుతోను ముగించిన యెడల ఆ పొరుగువారు నొచ్చుకొనరు. తమ పద్మావతి కథను బదులుగా చెప్పుదురు.